ఘంటసాల పాటల ఎంపిక: విభూతి యోగం చూపే దారి

ప్రాణప్రదమైన గాయకుని పాటల్లో మేలైనవి ఏవో ఎంచడం పైకి అభిరుచికి సంబంధించిన చిన్న విషయంగానే కనిపిస్తుంది కాని, దాని అడుగున పెద్ద ప్రశ్న ఒకటి ఉంది: అఖండమైనదానిలోంచి కొంత ఏరి, ఇదే ఉత్తమం అన్నప్పుడు ఆ ఎంపిక ప్రేమ ఫలమా, లేక ఒకదాన్ని పట్టుకొని మరొకదాన్ని తోసిపుచ్చే రాగద్వేషాల ఫలమా? 'రాగం' అనే మాటకు సంగీతంలో స్వరాల కూర్పు అనీ, వేదాంతంలో మనస్సును అంటిపెట్టుకొనే ఆసక్తి అనీ అర్థాలు ఉండడం, రెండింటికీ రంగు పట్టడమనే భావం గల ఒకే ధాతువు మూలం కావడం ఈ ప్రశ్నను మరింత బిగిస్తుంది.

నిజామాబాదు, బోధను చెరకు ప్రాంతంలో ఈ ప్రశ్న ఘంటసాల వెంకటేశ్వరరావు (1922–1974) దగ్గరికి చేరుతుంది. మంజీరపై 1923–1931 మధ్య నిజాంసాగర్ కట్టడం, ఆ నీటి అండతో బోధను శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలయడం వల్ల కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులెందరో వర్ని, కోటగిరి, బోధను చుట్టుపక్కలకు వచ్చి స్థిరపడ్డారు; వారి ఊళ్లు కొన్నిటిని నేటికీ 'క్యాంపు' అనే పిలుస్తారు. కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టిన గాయకుని గొంతు ఆ కుటుంబాలకు పుట్టింటి మాటలాంటిది. మహారాష్ట్ర సరిహద్దున ఉండి పండరి యాత్ర ఎరిగిన ఇంట్లో 'పాండురంగ మహాత్మ్యం' (1957) లోని కృష్ణ సంకీర్తనను ముందు చెబితే, మరో ఇంట్లో 'దేవదాసు' (1953) విషాదగీతాలను ముందు చెబుతారు. ఇద్దరిలో ఎవరి ఎంపిక సరైనదని అడగడం కంటె, ఎంపిక అనే పని ఏ నియమంతో న్యాయమవుతుందని అడగడం ఫలవంతం.

భగవద్గీత పదో అధ్యాయమైన విభూతి యోగం సరిగ్గా ఈ పనే చేస్తుంది. విభూతి అంటే ఇక్కడ నుదుటి భస్మం కాదు, అంతటా వ్యాపించిన తత్త్వం ఒకచోట ప్రస్ఫుటంగా కనిపించడం. ఏ ఏ రూపాల్లో నిన్ను ధ్యానించాలని అర్జునుడు అడిగితే, శ్రీకృష్ణుడు మాసాల్లో మార్గశిరాన్ని, ఋతువుల్లో వసంతాన్ని, ఛందస్సుల్లో గాయత్రిని, వేదాల్లో సామవేదాన్ని ఎంచి చెబుతాడు. సామవేదంలో అతి కొద్ది మంత్రాలు తప్ప మిగిలినవన్నీ గానం కోసం ఋగ్వేదం నుంచి ఏరుకొన్నవే కాబట్టి, భగవంతుడు తన రూపమని చెప్పుకొన్న వేదమే ఒక సంకలనం. అంతకంటె విశేషం, వంచనల్లో జూదాన్ని కూడా ఆయన తన విభూతిగానే పేర్కొనడం. అంటే ఎంపికకు కొలత ఆ వస్తువు పవిత్రత కాదు, అందులో తత్త్వం ఎంత తీక్షణంగా నిలిచిందన్నది. ఈ కొలతతో చూస్తే తాగుబోతు దేవదాసు పాటకు, పాండురంగని ముందు పాడిన పాటకు పక్కపక్కనే చోటు దొరుకుతుంది. అయితే ఇంత జాబితా చెప్పిన తరువాత, ఇదంతా తెలిసి ఏమి ప్రయోజనం, నా ఒక్క అంశతోనే ఈ జగత్తునంతా నిలిపి ఉంచాను అనే అర్థంలో అధ్యాయం ముగుస్తుంది. జాబితా తనను తానే చాలదని ఒప్పుకొంటుంది.

ఘంటసాల స్వయంగా ఇటువంటి ఎంపిక ఒకటి చేశాడు. జీవితపు చివరి దశలో హెచ్.ఎం.వి. గ్రామఫోను రికార్డు కోసం ఏడువందల గీతా శ్లోకాల్లోంచి నూటికి కొంచెం పైగా ఏరి, ఒక్కొక్క శ్లోకం పాడి దాని తెలుగు తాత్పర్యం తన గొంతుతోనే వినిపించాడు. రికార్డు నిడివి పరిమితం కాబట్టి ఏరక తప్పలేదు. కాని ఏరినదాన్ని ఎలా అందించాలన్నది గాయకుని చేతిలోని పని. దీన్ని చెరకు పండే నేలలో విడమరచడం తేలిక. ఫ్యాక్టరీలో రసం చిక్కబడిన తరువాత గిర్రున తిరిగే యంత్రంలో చక్కెర పలుకులు ఒకవైపు నిలిచి, నల్లని మొలాసిస్ మరోవైపు జారిపోతుంది. చెరకు బరువులో ఇంచుమించు పదో వంతు దక్కే ఆ చక్కెర శాతాన్ని 'రికవరీ' అంటారు. బెల్లం వండేచోట పైకి తేలిన మడ్డిని తీసివేస్తారు కాని, రసంలోని రంగు, వాసన, పొలానికో తీరుగా ఉండే రుచి అచ్చులోకి కూడా దిగుతాయి. తాత్పర్యాన్ని వెంటబెట్టుకొని వచ్చే ఘంటసాల గీత బెల్లపు తీరు సంకలనం: విడిచిన శ్లోకాల జాడ ఉంచిన శ్లోకాల్లో తగులుతుంది. సందర్భం ఊడ్చేసి పల్లవులు మాత్రమే గుదిగుచ్చిన సంకలనాలు రుచికి తీపే, కాని ఏ పొలం తీపో చెప్పలేవు.

విచారించవలసిన విషయం ఆ తరువాత జరిగింది. గాయకుడు ఏరినదాన్ని వీధి మళ్లీ ఏరింది. తెలుగునాట అన్నిచోట్లలాగే ఇక్కడ కూడా వైకుంఠరథం మైకులోంచి ఆ గొంతు వినబడగానే 'ఎవరు పోయారు' అన్న ప్రశ్న పుడుతుంది. పుట్టినవానికి చావు తప్పదని చెప్పే శ్లోకం గీతనంతటినీ కప్పివేసింది. తెల్లవారుజామున ఇంట్లో ఆ రికార్డు పెట్టడానికి జంకేవారు ఉన్నారు. ఇది ఘంటసాలకూ, గీతకూ జరిగిన అన్యాయమే. పద్దెనిమిదో అధ్యాయం జ్ఞానాన్ని మూడు విధాలుగా విడదీసి, వేరువేరుగా కనబడే వాటిలో విడిపోని ఒక్కదాన్ని చూసేది సాత్త్వికమనీ, ఒక చిన్న ముక్కను పట్టుకొని అదే సర్వమని తగులుకొనేది తామసమనీ అంటుంది. ఎంపిక తప్పు కాదు, ముక్కను మొత్తమనుకోవడం తప్పు. మేలైన పాటల జాబితాకు కూడా ఇదే వర్తిస్తుంది: విన్నవారిని మిగిలిన పాటల వైపు నడిపించినంతవరకే అది విభూతి.

మంజీర, హరిద్ర గోదావరిలో కలిసే కందకుర్తి త్రివేణి సంగమం బోధనుకు దగ్గరలోనే ఉంది. అస్థికలు కలపడానికి వచ్చేవారు అక్కడ నీటిలో దిగుతారు. ఇంటినుంచి శ్మశానం దాకా మైకులో వినిపించిన గీత సాధారణంగా మధ్యలోనే ఆగిపోయి ఉంటుంది. వ్యాసుడు చెప్పిన గీతలో అర్జునుడు మోహం తొలగి, సందేహం తీరి, చెప్పినట్టు చేస్తానని నిలబడేది పద్దెనిమిదో అధ్యాయం చివర; వైకుంఠరథం అంతదాకా పోదు.