దెబ్బతిన్న కాలికి నీటి ఆసరా



నవ నారసింహుల దర్శనానికి విదేశాల నుంచి కూడా మనవాళ్లు ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్తుంటారు. ఎగువ అహోబిలం దాటితే రాళ్లబాట. అక్కడ మడమ మెలిపడితే, ఊరుకాని ఊళ్లో ఎవరిని అడగాలి?

ముందుగా ఎముక విరగలేదని వైద్యుడి దగ్గర తేల్చుకోవాలి. అహోబిలం ఉన్న జిల్లాకు కేంద్రమైన నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడి ఆసుపత్రుల్లో ఎముకల వైద్యుణ్ని కలిసి, ఫిజియోథెరపీ ఎక్కడ చేయించుకోవాలో ఆయన్నే అడగండి. చేసేవారు డిగ్రీ చదివారా అని కనుక్కోవడానికి మొహమాటపడకండి.

వాపు తగ్గాక, వైద్యుడు సరేనంటే, నీళ్లు గొప్ప ఆసరా. నడుము లోతు నీళ్లలో కాళ్లమీద పడే బరువు దాదాపు సగమే. ఛాతీ లోతులో మూడోవంతుకు తగ్గుతుంది. అందుకే నేలమీద అడుగు వేయలేనివారు నీళ్లలో నడవగలుగుతారు. కుట్లు పడి ఉంటే అవి మానకుండా మాత్రం దిగకూడదు. మహానంది ఆలయ కోనేరు ఎంత నిర్మలమైనా అది పుణ్యస్నానానికి. కేసీ (కర్నూలు-కడప) కాలువ ప్రవాహం, బావి మెట్లు దెబ్బతిన్న కాలికి ప్రమాదం. పట్టుకోవడానికి కమ్మీ, పక్కన తోడు ఉన్న ఈతకొలనే కావాలి.

2022లో జిల్లా కేంద్రమైన నంద్యాలకు అలాంటి చికిత్సా కొలను ఒకటి అవసరం. యాత్రికుడితో పాటు పొలంలో జారిపడ్డ రైతుకూ, ఆళ్లగడ్డలో రోజంతా రాయి చెక్కే శిల్పికీ అది మేలు చేస్తుంది. పాలకులు, దాతలు కలిసి ఈ పనికి పూనుకోవాలి.