మరుపు ఎవరి పని?

మరుపు కాలధర్మమంటారు. అమెరికా బేస్‌బాల్ చరిత్ర చూస్తే అంత తేలిగ్గా ఒప్పుకోబుద్ధి కాదు. 1947లో మేజర్ లీగ్‌లో వర్ణభేదపు గోడను కూల్చిన జాకీ రాబిన్సన్‌ను లోకం ఎరుగును. 1884లోనే ఆ స్థాయిలో ఆడిన నల్లవాడు ఫ్లీట్‌వుడ్ వాకర్‌ను ఎందరెరుగుదురు? ఆ నడుమ అరవై ఏళ్ళు తలుపులు మూసి ఉంచినది కాలమా? కాదు, జట్ల యజమానులు. రాసుకున్న చట్టం కూడా లేదు. వాళ్ళ లోపాయికారీ ఒప్పందమే చాలింది.

జాష్ గిబ్సన్ ఆ తలుపుల బయటే, నల్లవారి లీగులలో ఆడాడు. రాబిన్సన్ బరిలో దిగడానికి మూడు నెలల ముందు, ముప్పై అయిదేళ్ళకే చనిపోయాడు. ఆ లీగుల లెక్కలను మేజర్ లీగ్ తన పద్దులో కలుపుకున్నది 2024లో! దానితో జీవితకాలపు బ్యాటింగ్ సగటులో టై కాబ్‌ను దాటి గిబ్సన్ మొదటివాడయ్యాడు. వెలివేసిన సంస్థే ఇప్పుడు ఉదారమనిపించుకుంటున్నది. సరే, కానీ చాలా ఆటలకు స్కోరు కాగితాలే దొరకలేదు. వాటిలో ఆడినవాళ్ళను ఏ పద్దులో చేరుస్తారు?