పరుల బిడ్డలు మన చేతిలో

ధ్యానమునకు: 1 సమూయేలు 1 నుండి 4 అధ్యాయములు



మా గ్రామము బందరు కాలువ వెంబడి నున్నది. శనివారము సాయంకాలము దేవాలయపు ఆవరణములో ఇరువదిమంది బాలురు మెడకు స్కార్ఫులు కట్టుకొని వరుసగా నిలువబడుదురు. జెండాకు వందనము చేయుదురు, త్రాళ్లతో ముడులు వేయ నేర్చుకొందురు, గాయమునకు కట్టు కట్ట నేర్చుకొందురు. పూర్వము ఈ స్కౌటు దళమును ఒక ఉపాధ్యాయుడు నడుపుచుండెను. ఆయన బదిలీయై పోయినప్పుడు, దళము ఆగిపోకూడదని తల్లిదండ్రులు మమ్ము నడిగిరి. మేము శిక్షణ పొంది ఆ పని చేపట్టితిమి. దీనికి జీతము లేదు. చాలమారులు త్రాళ్లకును బస్సు చార్జీలకును మన జేబులోనిదే పోవును.

"అయ్యగారికి ఈ పని దేనికి?" అని సంఘస్థులలో కొందరు అడిగినారు. ఆ ప్రశ్నకు జవాబు సులభమే. బిడ్డలు మంచివారుగా పెరుగుట అందరికిని కావలెను. అయితే మమ్మును నిద్ర పోనియ్యని ప్రశ్న మరియొకటి గలదు. మేము ఆ బాలురకు తండ్రులము కాము; జీతము తీసికొను ఉపాధ్యాయులమును కాము. అట్టి మేము పరుల బిడ్డలను "రా, పో, ఆగు, దిగు" అని ఆజ్ఞాపించుచున్నామే, ఆ అధికారము ఎవరిది? దాని హద్దు ఎక్కడ?

స్కౌటు పని 1907లో ఇంగ్లండు దేశమందలి బ్రౌన్‌సీ ద్వీపముమీద బేడెన్ పావెల్ అను సైనికాధికారి నడిపిన శిబిరముతో ఆరంభమైనది. సుమారు ఇరువదిమంది బాలురు వచ్చిరి. పెద్ద పాఠశాలలలో చదువు ధనికుల కుమారులును, బాయ్స్ బ్రిగేడ్ అను సంఘమునకు చేరిన బీదల కుమారులును కలిసి గుడారములలో నివసించిరి. ఆ బాయ్స్ బ్రిగేడును 1883లో గ్లాస్గో పట్టణమున స్థాపించినవాడు విలియం స్మిత్ అను ఆదివారపు బడి ఉపాధ్యాయుడు. మన దేశములో 1909లో బెంగుళూరునందు మొదటి దళము ఏర్పడెను గాని, అది ఐరోపావారి బిడ్డలకును ఆంగ్లో ఇండియను బిడ్డలకును మాత్రమే. మన బాలురకు తావు లేనందున 1916లో అనీ బిసెంటు మద్రాసులో భారతీయ బాలురకు వేరుగా సంఘము స్థాపించెను. తుదకు 1950 నవంబరు 7వ తేదీన వేర్వేరు సంఘములు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యెను. ఇందులో అన్ని మతముల బిడ్డలును గలరు. ప్రతిజ్ఞ చేయునప్పుడు దేవుడను మాటకు బదులు ధర్మమను మాట పలుకుటకును స్వేచ్ఛ గలదు. మా దళములోను ఊరి బిడ్డలు, పేట బిడ్డలు ఒకే కుండలో వండుకొని ఒకే వరుసలో భోజనము చేయుదురు.

పరుల బిడ్డను పెంచినవాడెవడని పరిశుద్ధ గ్రంథములో వెదకినయెడల ఏలీ కనబడుచున్నాడు. హన్నా తన బిడ్డ పాలు మానిన తరువాత వానిని షిలోహునకు తెచ్చి ఆ వృద్ధ యాజకునికి అప్పగించెను. సంవత్సరమునకొకమారు ఆ తల్లి చిన్న అంగీ కుట్టి తెచ్చుచుండెను. ఆ అంగీని గూర్చి ఆలోచించుడి. బిడ్డ ఎంత పెరిగెనో చూడకుండనే అంచనా వేసి ఆమె కుట్టవలెను. మధ్యనున్న దినములలో వాని ఎదుగుదలను చూచినవాడు ఏలీయే. తల్లి కన్ను చూడలేని వేళ తల్లికి బదులుగా చూచుటయే మన పని. కాబట్టి మన అధికారము మనది కాదు. అది అప్పుగా తెచ్చుకొన్నది. అప్పు తెచ్చుకొన్నవాడు లెక్క అప్పగింపవలెను.

ఆ రాత్రి యేమి జరిగినదో మీరెరుగుదురు. బాలుడు మూడు మారులు పిలుపు విని, మూడు మారులును ఏలీ యొద్దకే పరుగెత్తెను. పిలిచినవాడు ఏలీయే యని వాడు తలంచెను. మనలో అనేకులము అక్కడనే సంతోషించి ఆగిపోవుదుము. బిడ్డ మన మాట విని పరుగెత్తి వచ్చుచున్నాడు గదా, ఇంకేమి కావలెను? ఏలీ అట్లు చేయలేదు. పిలిచినది తాను కాదనియు దేవుడే యనియు గ్రహించి, ఈసారి ఏమని బదులు పలుకవలెనో నేర్పి, బాలుని తిరిగి పంపెను. పరుల బిడ్డను పెంచువాడు చేయవలసిన మొదటి పని ఇదే: బిడ్డను తనకు కట్టివేసికొనక, తనకంటె పైనున్న స్వరమును వినుటకు నేర్పుట.

బేడెన్ పావెల్ నేర్పిన పద్ధతియు కొంతమట్టుకు ఇట్టిదే. దళమంతటిని పెద్దవాడొక్కడే తోలుకొని పోరాదని ఆయన చెప్పెను. ఆరుగురు మొదలు ఎనిమిదిమంది వరకు ఒక గుంపు. దానికి పెట్రోలు అని పేరు. వారిలో ఒక బాలుడే పెట్రోలు లీడరు. ఆ గుంపు మేలు కీడులకు వాడే బాధ్యుడు. ఈ మాట చెప్పుట తేలిక. ఆ బాలుడు నిజముగా బాధ్యత వహించి మనకే అడ్డము నిలిచిన దినమున మనమేమి చేయుదుమో, అది పరీక్ష.

మాకా పరీక్ష దసరా సెలవులలో వచ్చినది. కాలువ గట్టున రెండు దినముల శిబిరము పెట్టితిమి. రెండవ దినము రేవులో స్నానము చేయవచ్చునని బాలురకు మేము ముందుగనే మాట యిచ్చియుంటిమి. తీరా దిగు సమయమునకు పెట్రోలు లీడరొకడు, పదునాలుగేండ్లవాడు, మా యెదుటికి వచ్చి, "అయ్యగారండీ, రాత్రి నీళ్లు బాగా వదిలారు. పొద్దున కనబడిన మెట్టు ఇప్పుడు కనబడటం లేదు. మా పెట్రోలులో చిన్నవాళ్లున్నారు, నేను దింపనండీ" అనెను.

అందరును చూచుచుండిరి. మాకు కోపము వచ్చినది. "ఇక్కడ స్కౌట్ మాస్టరు నువ్వా, మేమా?" అని గద్దించితిమి. వాడు తల వంచుకొనెను గాని ప్రక్కకు తొలగలేదు. వాని భయము వట్టిదని చూపవలెనని మేమే రేవు దిగి, ఒక స్కౌటు కర్రను నీటిలో గుచ్చితిమి. అది నేలను తాకకముందే ప్రవాహము దానిని మా చేతినుండి లాగివేసెను. కర్ర బందరువైపు పోవుచుండగా ఇరువదిమంది బాలురును మేమును మాటలేక చూచుచు నిలిచితిమి.

మన డెల్టావారికి నీటి సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమమీదికి ఉప్పెన వచ్చి వేలాదిమందిని తీసికొనిపోయెను. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ నీట మునిగెను. అప్పుడే ప్రకాశం బ్యారేజీనుండి పదునొకండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రమునకు పోయెను. ఇవన్నియు ఎరిగిన మేము, ఇచ్చిన మాట పోవునని, బాలుని యెదుట తక్కువైపోవుదుమని, పరుల బిడ్డలను ఆ నీటిలో దింపుటకు సిద్ధపడితిమి. ఇది మా పాపము. ఆ దినము మేము స్నానము మాన్పించితిమి గాని, "నీవు చెప్పినది నిజము" అని వానితో అనలేదు. ఆ మాట అనుటకు మాకు ఒక వారము పట్టినది.

ఆ వారములో వాని తల్లి మా యింటికి వచ్చెను. "అయ్యగారూ, మావాడు మీకు ఎదురు చెప్పాడంట గదా? అక్కడే రెండు తగిలించలేకపోయారా? మీ మీద నమ్మకంతోనే గదండీ పంపాము!" అనెను. ఆ మాట మా హృదయములో గ్రుచ్చుకొనెను. మన పల్లె తల్లిదండ్రులు ఎంత నమ్మకముతో బిడ్డలను అప్పగింతురో చూడుడి! కొట్టుటకును సెలవిత్తురు. అంత అధికారము ఎదుటివారు ఇచ్చినను పుచ్చుకొనకూడదు. "అమ్మా, వాడు చెప్పినదే నిజము. తప్పు మాది" అని ఆమెతో చెప్పితిమి. తరువాతి శనివారము దళమంతటి యెదుట వానితోను ఆ మాటే చెప్పితిమి. దళము చెదరిపోలేదు. ఒక చిన్నవాడు వచ్చి, నెల దినములుగా దాచుకొన్న యొక సంగతి మాతో చెప్పుకొనెను. అంతవరకు భయపడెనట.

ఇక్కడ ఏలీని మరల చూడుడి. తెల్లవారినప్పుడు సమూయేలు తాను విన్నది చెప్పుటకు భయపడెను. అది ఏలీ యింటిమీదికి రానున్న తీర్పు. ఏలీ వానిని పిలిచి, ఏమియు దాచవద్దని ఆజ్ఞాపించి, చెప్పిన తరువాత కోపింపక, అది యెహోవా మాటయని తల వంచెను. మా ప్రశ్నకు మాకు దొరికిన జవాబు అక్కడ నున్నది. పరుల బిడ్డలమీద మన అధికారము సరియైనదా కాదా అని తెలిసికొనుటకు ఒక్క గురుతు చాలును: వారిలో మిక్కిలి చిన్నవాడు భయము లేక మనకు చేదు నిజము చెప్పగలడా? చెప్పగలిగినయెడల ఆ అధికారము కాపరిది. చెప్పలేనియెడల, మన వరుసలు ఎంత చక్కగా నున్నను, అది కాపరితనము కాదు.

ఇట్లయిన పిల్లలు మొండివారగుదురు గదా అని కొందరందురు. బిడ్డలు పెద్దలకు లోబడవలెనని ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయము బోధించుచున్నది; అది నిజము. అయితే అదే చోట పెద్దలు పిల్లలకు కోపము రేపకూడదనియు వ్రాయబడినది. మొండితనమునకును నిజమునకును భేదము గలదు. మొండివాడు తన కొరకు ఎదురాడును. మా బాలుడు తనకంటె చిన్నవారి కొరకు ఎదురాడెను. వానికి దానివలన గద్దింపు తప్ప మరేమియు దొరకలేదు. కోపములో నున్నవానికి ఈ భేదము తెలియదు. అందుచేతనే ముందు వినవలెను, తరువాత తీర్పు తీర్చవలెను.

ఏలీ కథలో చీకటి భాగమును దాటిపోకూడదు. అతని కుమారులైన హొఫ్నీ, ఫీనెహాసులు బలి మాంసమును బలవంతముగా తీసికొనిరి. గుడారము ద్వారమునొద్ద సేవచేయు స్త్రీలను చెరిపిరి. ఏలీకి జనులు చెప్పిరి. అతడు మాటలతో మందలించెనే గాని వారిని అడ్డగింపలేదు. ఒక బాలునికి చెవియొగ్గిన మంచి వృద్ధుడు తనవారి విషయమై ఊరకుండెను. ఆ ఊరకుండుటయే అతని యింటిని కూల్చెను.

ఇది ప్రాచీన కాలపు కథ మాత్రమే కాదు. అమెరికా దేశపు బాయ్ స్కౌట్స్ సంస్థ 2020లో దివాలా కోర్టునకు వెళ్లెను. బాల్యములో నాయకులచేత చెరుపబడితిమని 82,000 మందికి పైగా ఆ కోర్టులో తమ గోడు వ్రాసియిచ్చిరి. అందులో అనేకులు దశాబ్దములు మౌనముగా నుండినవారు. బిడ్డలు చెప్పుటకు భయపడిన చోటను, విన్న పెద్దలు సంస్థ పేరు కాపాడుటకు ఊరకున్న చోటను, తోడేలు గొఱ్ఱెల దొడ్డిలోనే కాపురముండును. మన దేశములో 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, బిడ్డమీద జరిగిన అట్టి నేరమును ఎరిగియు తెలియజేయకుండుట నేరమే. సంఘ పెద్దలు, ఆదివారపు బడి ఉపాధ్యాయులు, కాపరులు అందరికిని ఇది వర్తించును.

కాబట్టి మా దళములో కొన్ని కట్టుబాట్లు పెట్టుకొంటిమి. ఏ పెద్దవాడును ఒక బాలునితో ఒంటరిగా నుండకూడదు. శిబిరములో ఇద్దరు పెద్దలు తప్పక యుండవలెను. పెద్దలు బాలుర గుడారములో పండుకొనరాదు. తల్లిదండ్రులు ఏ వేళనైనను వచ్చి చూడవచ్చును. నీటిలో దిగుట, దిగకుండుట పెట్రోలు లీడర్లతో కలిసి నిర్ణయించవలెను. వారిలో ఒక్కడు వద్దన్నను దిగకూడదు. పిల్లలు సహాయము కొరకు పిలువవలసిన 1098 అను ఫోను నంబరును ప్రతి బాలునిచేత కంఠస్థము చేయించితిమి. ఈ కట్టుబాట్లు మమ్మును అవమానపరచునవని మొదట తలంచితిమి. ఇప్పుడట్లు తలంచుట లేదు. యథార్థముగా నుండువానికి లెక్క అప్పగించుట అవమానము కాదు.

ప్రియులారా, మీలో అందరును స్కౌటు దళములు నడుపరు. అయినను పరుల బిడ్డ ఏదో వేళ మన చేతిలోనికి వచ్చును: ఆదివారపు బడిలో, ట్యూషనులో, పొలము పనిలో, బంధువుల యింట. స్కౌటు నియమములలో మొదటిది స్కౌటు నమ్మదగినవాడై యుండవలెనని చెప్పుచున్నది. దానిని బాలురచేత ప్రతి వారము చెప్పించుచున్నాము. అది మొదట మాకు వర్తించునని ఆ రేవులో నేర్చుకొంటిమి. నేడు ఆ బాలుడు బెజవాడలో చదువుచున్నాడు. సెలవులకు వచ్చినప్పుడెల్ల శనివారము దళమునకు వచ్చి చిన్నవారికి ముడులు నేర్పును. వారు వానికిని ఎదురు చెప్పుచుందురు. వాడు విని నవ్వును.

బిడ్డలను మనకప్పగించిన ప్రభువు, వారి నోట తన మాట వచ్చినప్పుడు దానిని గుర్తించి తల వంచు కృపను మనకు దయచేయును గాక. ఆమేన్.