ఆశ్రయమిచ్చిన నేలపై యుద్ధం వస్తే...

పరాయి దేశంలో బతుకుతున్న మనిషికి ఒక్కోసారి కఠినమైన పరీక్ష ఎదురవుతుంది. తనకు ఏమాత్రం సంబంధం లేని యుద్ధం తన గుమ్మం దాకా వస్తుంది. ఫిరంగి గుండు స్వదేశీయుడెవరు, పరదేశీయుడెవరు అని అడగదు. అప్పుడతను ఏం చేయాలి? 'ఇది నా యుద్ధం కాదు' అని మూటాముల్లె సర్దుకోవాలా? అల్లాహ్‌పై భారం వేసి అక్కడే ఉండిపోవాలా?

ఈ ప్రశ్న మన ఇళ్లకు కొత్తది కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు కడప, గోదావరి జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు తిండీనిద్రా మానేసి కబురు కోసం ఎదురుచూశాయి. లక్ష మందికి పైగా భారతీయులు జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో స్వదేశం చేరుకున్నారు. ఏళ్ల తరబడి కూడబెట్టినదంతా అక్కడే వదిలేసి కట్టుబట్టలతో వచ్చినవారు వారిలో ఎందరో!

మొదటి తరం ముస్లిములు సైతం ఇలాంటి పరీక్షను ఎదుర్కొన్నారు. మక్కాలో హింస భరించలేక వారు క్రీ.శ. 615 ప్రాంతంలో హబషా (అబిసీనియా)కు వలస వెళ్లారు. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు, న్యాయశీలి. ఆయన వారికి ఆశ్రయమిచ్చాడు. కొంతకాలానికి ఆయనపై ఒక ప్రత్యర్థి తిరగబడ్డాడు. ఆ రోజుల సంగతిని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) వివరించారు. తమ హక్కులను గుర్తించని వాడెవడైనా గద్దెనెక్కుతాడేమోనని వారంతా తీవ్రంగా దుఃఖించారు. యుద్ధం నైలు నదికి ఆవలి ఒడ్డున జరుగుతోంది. వార్త తెలుసుకుని వచ్చేందుకు అందరిలోకీ చిన్నవాడైన హజ్రత్ జుబైర్ (రజి) ముందుకొచ్చారు. గాలి ఊదిన తోలుతిత్తిని రొమ్ముకు కట్టుకుని నది ఈదారు. ఇక్కడ మిగిలినవారు నజాషీ విజయం కోసం అల్లాహ్‌ను వేడుకున్నారు. చివరికి జుబైర్ (రజి) తన వస్త్రాన్ని ఊపుతూ శుభవార్తతో తిరిగొచ్చారు.

ఈ సంఘటనలో ఆలోచించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వారు ఆయుధం పట్టినట్లు ఈ కథనంలో లేదు. అలాగని 'మనకెందుకులే' అని చేతులు ముడుచుకుని కూర్చోనూ లేదు. ఆశ్రయమిచ్చినవాడి మతం వేరైనా, అతని మేలు కోరడం తమ ధర్మమని భావించారు. పుకార్లను నమ్మి కంగారు పడలేదు. నిజం తెలుసుకోవడానికి మనిషిని పంపారు. నేడు యుద్ధభూమి పక్కనుండి నిజానిజాలు తేల్చుకోకుండా ఫోన్లలో వార్తలు పంపేవారు ఈ విషయం గమనించాలి.

మరి వదిలి రావడం పిరికితనమా? కానే కాదు. వారు ప్రాణాలు, విశ్వాసం కాపాడుకోవడానికి మక్కాను వదిలి వచ్చినవారే కదా! చేజేతులా ప్రాణాలను ప్రమాదంలోకి నెట్టుకోవద్దన్నది ఇస్లాం బోధన. ముందు ఒంటెను కట్టాలి, ఆ తర్వాతే తవక్కుల్. అయితే అప్పులు, అమానతులు గాలికొదిలేసి రావడం మాత్రం ధర్మం కాదు. వెంటనే తీర్చలేకపోతే కనీసం రాసి పెట్టుకోవాలి, తీర్చాలన్న సంకల్పం ఉండాలి. వెళ్లడానికి వేరే దేశమే లేని స్థానికులను మరచిపోవడమూ ధర్మం కాదు. 2015లో యెమెన్ నుంచి మన ఓడలు, విమానాలు 4,600 మందికి పైగా భారతీయులతో పాటు 41 దేశాలకు చెందిన 960 మందిని కూడా తరలించాయి. ఆపదలో చేయి అందించేటప్పుడు పాస్‌పోర్టు రంగు చూడనక్కర్లేదని ఇది చాటింది.

ఇక, మనల్ని మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. అక్కడున్న కొడుకు, భర్త 'పరిస్థితి బాగోలేదు, వచ్చేస్తాను' అన్నప్పుడు మనం ఏమంటున్నాం? 'చెల్లెలి నికాహ్ అయ్యేదాకా ఓపిక పట్టు', 'ఇంటి స్లాబు పడనీ' అంటున్నామా? అతన్ని ఆ నిప్పుల పక్కన నిలబెడుతున్నది శత్రువు కాదు, మన కోరికలే కావచ్చు! ఉపాధి ప్రదాత కువైట్ కాదు, యెమెన్ కాదు, అల్లాహ్ మాత్రమే అని నమ్మే ఇంట్లో 'ముందు నువ్వు క్షేమంగా రా బాబూ, మిగతాది తర్వాత చూసుకుందాం' అనే మాట వినిపించాలి.

పరదేశాల్లో ఉన్న మన బిడ్డలను, వారికి అన్నం పెడుతున్న ఆ నేలలను అల్లాహ్ శాంతిభద్రతలతో ఉంచుగాక! ఆమీన్.