పస్తు వేరు, ఉపవాసం వేరు

పౌలు గలతీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయంలో ఆత్మఫలాలు తొమ్మిది. తొమ్మిదోది ఆశానిగ్రహం. మా గుడిలో మిగతా ఎనిమిదింటి మీద కలిపి ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఈ ఒక్కదాని మీద అన్ని విన్నాను. నోరు అదుపులో పెట్టుకోండి. కోపం అదుపులో పెట్టుకోండి. సాయంత్రమయ్యేసరికి సారా దుకాణం వైపు లాగే కాళ్లను అదుపులో పెట్టుకోండి. ఆ మాటలు వినేదెవరు? వారమంతా మిరప చేలల్లో వంగి వంగి నడుములు పడిపోయిన ఆడవాళ్లు. బస్తాలు మోసి మెడలు అరిగిన మగవాళ్లు. అసలు ఆ ప్రసంగం వినాల్సిన మనుషులు మా గుడి మెట్లు ఎక్కరు. వాళ్లకు ఊళ్లో వేరే గుడి ఉంది. అక్కడ వాళ్లకెవరైనా నోరు అదుపులో పెట్టుకోమని చెబుతారో లేదో నాకు తెలీదు. మమ్మల్ని లోపలికి రానిచ్చిందెప్పుడు, వినడానికి?

ఒంగోల్లో డిగ్రీ చదివే రోజుల్లో విద్యార్థి సంఘంలో ఒక అన్న ఉండేవాడు. నేను ఆదివారం పూట సంఘం పనికి రానని చెబితే నవ్వేవాడు. "మీ యేసు మిమ్మల్ని గొర్రెల్ని చేశాడ్రా తమ్ముడూ. మాదిగోడికి కావాల్సింది నిగ్రహం కాదు, ఆగ్రహం" అనేవాడు. మాట పదునుగా ఉంది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తోసెయ్యడానికి వీల్లేని ప్రశ్న అది. తరతరాలుగా అదుపులో పెట్టబడిన జనానికి మళ్లీ అదుపు గురించి చెప్పడమేంది? ఆకలితో ఉన్నోడికి మితంగా తినమని చెప్పినట్టు లేదూ?

నేను పదిహేనేళ్లుగా ఆ అన్నతో మనసులో మాట్లాడుతూనే ఉన్నాను. అందులో కొంత ఇక్కడ రాస్తున్నాను.

మా తాత ఊళ్లోకి పోయేటప్పుడు చెప్పులు చేత పట్టుకునేవాడు. ఆ చెప్పులు కుట్టింది ఆయనే. భుజం మీది తువ్వాలు చంకలోకి వచ్చేది. కామందు బూతు తిడితే నేల చూసేవాడు. దీన్ని ఊరు 'మంచితనం' అంది, గుడిలో కొందరు 'సాత్వికం' అన్నారు. నేను ఏదీ అనను. కళ్లెం ఇంకొకడి చేతిలో ఉన్నప్పుడు ఆగిన ఎద్దును నిగ్రహం గల ఎద్దు అంటామా? పౌలు వాడిన గ్రీకు మాటకు మూలంలో ఉన్న అర్థం బలం, పట్టు. తన మీద తనకు పట్టు ఉండటం. అంటే ముందు మనిషి తన చేతిలో తాను ఉండాలి. భయంతో ఊరుకున్నవాడు ఇంకొకడి పట్టులో ఉన్నాడు. ఈ రెంటినీ ఒకే మాటతో పిలిచి మన వాళ్లను శతాబ్దాలపాటు మోసం చేశారు. ఆ మోసంలో గుడికి కూడా వాటా ఉంది. అది దాచాల్సిన పని లేదు.

అయితే మొదట్లో సంగతి ఇట్లా లేదు. ఈ మాట మా నాయనమ్మ నోట విన్నాను, తర్వాత పుస్తకాల్లో చూశాను. తాళ్లకొండపాడు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి. దొర వచ్చి మనల్ని మార్చాడని చెప్పుకుంటారు గానీ, ఆ పల్లెల్లో కాలు అరిగేలా తిరిగి చెప్పింది పేరయ్యే. కరువు వెళ్లే రోజుల్లో, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది నీళ్లలోకి దిగారు. ఎక్కువ మంది మాదిగలే. అప్పుడు ఒంగోలు మిషన్ క్లౌ దొరగారిది. కొత్తగా చేరేవాళ్లకు పెట్టిన కట్టుబాట్లలో మూడు ముఖ్యమైనవి. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డును తినకూడదు. విగ్రహాలను మొక్కకూడదు.

చదువుకున్నోళ్లు ఈ మూడింటినీ చూసి 'మిషనరీల నీతి' అని పెదవి విరుస్తారు. కొంచెం ఆగి చూడండి. చచ్చిన గొడ్డు అంటే ఒట్టి తిండి కాదు. అది ఒక ఒప్పందం. ఊళ్లో గొడ్డు చస్తే మాదిగ ఈడ్చుకుపోవాలి. ఆ తోలుతో రైతుకు చెప్పులు, పగ్గాలు, నీళ్లు తోడే బొక్కెనలు చేసిపెట్టాలి. దానికి బదులు కళ్లంలో నాలుగు గింజలు, ఆ గొడ్డు మాంసం. ఆ మాంసం మాకొద్దు అన్నామంటే ఆ వెట్టి ముడిలో ఒక పోగు తెంపినట్టు. ఆదివారం రాము అన్నామంటే కోతల రోజున కొడవలి పట్టమని చెప్పినట్టు. విగ్రహానికి మొక్కమంటే జాతరలో డప్పు కొట్టమని అర్థం. ఊరు ఊరుకుంటుందా? పని ఇవ్వలేదు, నీళ్లు బంద్ చేసింది, కొట్టింది. ఆశను అదుపు చేసుకోవడం ఇంత ప్రమాదకరమైన పని అని రోమా సామ్రాజ్యంలో వాళ్లకు తెలుసు, ప్రకాశం జిల్లా మాదిగలకు తెలుసు. ఇప్పుడు పట్నంలో ఏసీ గుడుల్లో దాని మీద ప్రసంగాలు చేసేవాళ్లకు తెలుసా అని నా అనుమానం.

ఒక్క మాట పక్కకి. మా వాళ్లు చచ్చిన గొడ్డు మానారు గానీ గొడ్డుకూర మానలేదు. క్రిస్మస్‌కు మా ఇంట్లో అదే పండగ. ఈ మధ్య కొందరు పాస్టర్లు 'సాక్ష్యం చెడుద్ది' అని దాన్ని కూడా మానమంటున్నారు. ఎవరి ముందు సాక్ష్యం? అది నిగ్రహం పేరుతో వస్తున్న బ్రాహ్మణీకం. పేరయ్య కట్టుబాటుకూ దీనికీ పోలిక లేదు. ఆయన మానింది ఊరి ఎంగిలిని.

మా అమ్మ శుక్రవారం ఉపవాసం ఉంటది. నా చిన్నప్పుడు మా ఇంట్లో వారానికి రెండు మూడు పూటలు ఎటూ పొయ్యి వెలిగేది కాదు. నాకు పదేళ్లప్పుడు ఒక శుక్రవారం అడిగాను. "అమా, నిన్న గూడా తినలేదు గదా, మళ్లా ఇయ్యాల ఉపాసమేంది?" అమ్మ చేట కింద పెట్టి చెప్పింది. "నిన్నటిది పస్తు నాయనా. అది వాళ్లు పెట్టింది. ఇయ్యాలది నేను పెట్టుకుంది."

వేదాంత కళాశాలల్లో దీనికంటే మంచి వ్యాఖ్యానం ఉంటే నాకు చూపించండి. కడుపు లోపల రెండూ ఒకటే. కానీ గురువారం మా అమ్మ కామందు కూలి ఎగ్గొట్టిన కూలిది. శుక్రవారం తన ఆకలికి తానే యజమాని. ఆ ఒక్క పూటైనా తన శరీరం మీద తన మాట చెల్లింది.

అయినా ఇందులో నాకు ఒక ముల్లు ఉంది, అది కూడా చెప్పాలి. పేదరాలి ఉపవాసాన్ని మెచ్చుకోవడం చాలా తేలిక, ముఖ్యంగా కడుపు నిండినోళ్లకు. అమ్మ మాటను నేను ఎక్కడ చెప్పినా కొందరు కళ్లు తుడుచుకుంటారు. గురువారం కూలి ఎందుకు ఎగ్గొట్టారని మాత్రం ఎవరూ అడగరు.

అమ్మ అన్నం ఎసట్లో పోసేటప్పుడు గుప్పెడు బియ్యం తీసి పక్కన కుండలో వేసేది. మా పల్లెలో గుడికి పోయే ఆడవాళ్లందరూ అంతే. ఆదివారం ఆ బియ్యమంతా ఒక చోట పోసి అమ్మేవాళ్లు. అయ్యగారి జీతంలో కొంత దాంట్లోంచే వెళ్లేది. నా ఇంటర్ పరీక్ష ఫీజు కూడా ఆ గుప్పిళ్లలోంచే వచ్చింది. స్త్రీల సమాజం వాళ్లు కూర్చుని లెక్కేసి ఇచ్చారు. మా వంశంలో మొదటి డిగ్రీ అట్లా వచ్చింది. ఒక్కొక్కరి గుప్పెడు చూస్తే ఏమీ కాదు.

సారా సంగతి వేరు. అక్కడ ఒంటరి నిగ్రహం ఓడిపోయింది. 1980ల్లో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లు చేసి పల్లెల్లోకి పంపింది. పాటలు పాడుకుని కాంట్రాక్టర్లు బలిశారు. గుడిలో అయ్యగారు మా నాయన్ని 'అదుపులో పెట్టుకో' అన్నాడు. ఒక వైపు రాజ్యం మొత్తం పోస్తుంటే ఇంకో వైపు కూలోడొక్కడు పెదాలు బిగబట్టాలి! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఆ లెక్క సరిచేశారు. వాళ్లు మొగుళ్లకు నీతి చెబుతూ కూర్చోలేదు, దుకాణం మూయించారు. ఆ పోరాటం జిల్లాలు దాటింది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యమే ఆగింది. 1997లో మళ్లీ తెరిచారనుకోండి. అయినా మా నాయన తాగకుండా ఇంటికొచ్చిన ఆ రెండేళ్లనూ మా అమ్మ ఇప్పటికీ ఏసుప్రభు లెక్కలో సగం, ఆ ఆడవాళ్ల లెక్కలో సగం వేస్తది.

ఇక ఆ అన్న అడిగిన ఆగ్రహం దగ్గరికి వస్తాను. 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్లను కమ్మ యువకులు మురికి చేస్తుంటే మున్నంగి సువార్త అడ్డం తగిలింది. మీదికొస్తే బిందె ఎత్తింది. మర్నాడు, 17వ తేదీన, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆమె పేరు చూడండి. సువార్త. ఆ బిందెకు వెనక గుడి ఉంది, పేరు పెట్టిన తల్లిదండ్రుల విశ్వాసం ఉంది. 'ఆ రోజు ఆమె కాస్త ఓర్చుకుని ఉంటే' అనే మాటను నేను నా చెవులతో విన్నాను, మన వాళ్ల నోటే. తాగే నీళ్లను కాపాడటం ఓర్పు తప్పడం ఎట్లా అవుద్ది? ఓర్పు తప్పింది వాళ్లకు. ఒక ఆడమనిషి మాట పడలేక పల్లె మీద గొడ్డళ్లతో పడ్డ మందకు ఆశానిగ్రహం బోధించిన పూజారి ఎవరు? ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది.

యోహాను సువార్త రెండో అధ్యాయంలో యేసు దేవాలయంలో వ్యాపారుల్ని తరిమాడు. దీన్ని ఆవేశం కింద చెబుతారు. కానీ అక్కడ ఒక చిన్న సంగతి ఉంది, తాళ్లతో కొరడా చేశాడని. తాళ్లు పేని కొరడా చేయడం తోలు పని చేసే ఇంట్లో పుట్టినవాడికి అర్థమవుద్ది. పాయలు విడదియ్యాలి, బిగువు చూసుకోవాలి, కొసలు ముడెయ్యాలి. ఒళ్లు తెలియని కోపంలో ఉన్నోడు పక్కనున్న రాయి తీసుకుంటాడు గానీ కూర్చుని తాళ్లు పేనడు. ఆ పేనినంత సేపు ఆయన కోపం ఆయన చేతుల్లోనే ఉంది. అన్నా, నిగ్రహానికీ ఆగ్రహానికీ నువ్వు పెట్టిన గోడ అక్కడ నిలవదు.

నా రోజువారీ సంగతి ఇంత పెద్దది కాదు. నా సర్టిఫికెట్ మీద బీసీ-సి అని ఉంటది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, మమ్మల్ని కలపలేదు. మతం మారాక కులం పోయిందని కాగితం అంటది. స్టాఫ్‌రూమ్‌లో మాత్రం కులం పోలేదు. ఒకాయన నన్ను చూసి నవ్వుతూ 'హల్లెలూయా మాస్టారు' అంటాడు, ఇంకొకాయన నా పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా నిలబడే టీ తాగుతాడు. నేను అప్పటికప్పుడు నోరు చేసుకోను. ఇంటికొచ్చి తారీఖు వేసి నోట్‌బుక్కులో రాసుకుంటాను. మూడు సార్లు అయ్యాక, ఆ పేజీ తెరిచి అందరి ముందు చదివి వినిపించాను. కొరడా పేనడం మా ఇంటి విద్య గదా.

కానీ ఈ మాట నన్ను నిజంగా పట్టుకునేది అక్కడ కాదు, తరగతి గదిలో. అపొస్తలుల కార్యములు ఇరవై నాలుగో అధ్యాయంలో పౌలు ఖైదీ, ఫేలిక్సు గవర్నరు. ఖైదీ గవర్నరుకు నీతి గురించి, ఆశానిగ్రహం గురించి, రాబోయే తీర్పు గురించి చెబుతాడు. గవర్నరు వణికాడు. వణికి, లంచం వస్తదేమోనని రెండేళ్లు ఆయన్ని జైల్లోనే ఉంచాడు. అధికారం ఉన్నోడికి చెప్పాల్సిన పాఠం అది. చరిత్ర ఇంకో సంగతి చెబుతుంది. ఫేలిక్సు ఒకప్పటి బానిస, విడుదల పొంది పైకొచ్చినవాడు. మన చేతికీ ఇప్పుడు కొంచెం అధికారం వస్తున్నది. కుర్చీ వస్తున్నది, సంతకం వస్తున్నది, నాలాంటోడికి బెత్తం వస్తున్నది. ఈ పేజీలు చదివే విద్యార్థులకు రేపు ఎంఆర్వో ఆఫీసులు వస్తాయి.

మా బళ్లో ఏడో తరగతిలో ఒక పిల్లాడున్నాడు. పొలం కౌలుకు తీసుకుని అప్పులపాలైన ఇల్లు, కులం మాత్రం పై కులమే. మధ్యాహ్న భోజనం వండేది ఆ ఊరి మాదిగపల్లె మనిషి. వాడు క్యారేజీ తెచ్చుకునేవాడు. ఎందుకురా అంటే "ఆమె వండింది తినొద్దంది మాయమ్మ" అన్నాడు, అందరి ముందు, ఆమె వినేటట్టు. నా చెయ్యి లేచేదే. వాడి వీపు మీద మా తాత చెప్పులు, అమ్మ గురువారం, అన్నీ ఒక్కసారే దింపొచ్చు. వంటామె గరిట పట్టుకునే అంది, "కొట్టమాకండి సార్, పసోడు."

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో నిలబెట్టి, తాగి పారేసే గ్లాసులో నీళ్లిచ్చారు. తాగలేదు. "రేపట్నుంచి క్యారేజీ వస్తే కారణం రాసి పైకి పంపుతానమ్మా, అంటరానితనం నేరం" అని అంతవరకే చెప్పి వచ్చాను. క్యారేజీ ఆగింది. ఇప్పుడు నేను రోజూ వాడి పక్కన కింద కూర్చుని అదే అన్నం తింటున్నాను. వాడు అన్నం ముట్టడు, గుడ్డు ఒక్కటే తింటాడు. గుడ్డు మీద పెంకు ఉంటది కాబట్టి ఇంట్లో ఒప్పుకున్నారంట. ఆ పెంకు వాడికి వొలవడం రాదు. ఆమే వొలిచి, ఉప్పద్ది చేతికిస్తది. ఆ సంగతి వాడు ఇంట్లో ఇంకా చెప్పినట్టు లేదు.