లాభము తగ్గిన దినము

చదువుము: అపొ. కార్యములు 19:23–27, యాకోబు 4:13–15

ఎఫెసులో దేమేత్రియకు మంచి వ్యాపారముండెను. అర్తెమిదేవి గుడి నమూనాలను వెండితో చేయించి అమ్మగా, అతనికిని పనివారికిని జీవనము సుఖముగా సాగెను. పౌలు బోధవలన కొనువారు తగ్గుదురని తోచినప్పుడు అతడు తన పనిని పరీక్షించుకొనలేదు, పట్టణమునే రేపెను. నోట దేవత ఘనత, మనస్సులో గల్లాపెట్టె!

ఇట్టి పరీక్ష ఎఫెసుతో ముగియలేదు. అండమాను ద్వీపములలో కలప బహుకాలము అనేకులకు అన్నము పెట్టెను. చాతం రంపపు మిల్లు 1883లోనే వెలసెను. అయితే చిన్న అండమాన్‌లో ఒంగే జనులు నివసించు అడవులు నరకబడుచున్నవని న్యాయస్థానములో వ్యాజ్యము వేయబడెను. 2002 మే 7న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతకు కఠినమైన హద్దులు విధించి, కలపను ద్వీపముల వెలుపలికి పంపరాదని ఆజ్ఞాపించెను.

శ్రీ విజయపురమని 2024లో పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిర్ చేరువనే ఆస్టినాబాద్ ఉన్నది. ఆ దినములలో అచ్చట చిన్న దుకాణము పెట్టుకొనిన ఒక తెలుగు వడ్రంగిని తలంచుము. అతడు ప్రభువును ఎరిగినవాడు. పడాక్ కఱ్ఱతో కుర్చీలు, మంచములు చేయుట అతని వృత్తి. కలప అరుదాయెను, ధర పెరిగెను. ఇద్దరు పనివారికి కూలి ఇయ్యవలెను. ముందుగా పుచ్చుకొనిన బయానాలు చెల్లింపవలెను. దొంగచాటున కోసిన దుంగలు తక్కువ ధరకు ఇచ్చెదనని ఒకడు చీకటిలో తలుపు తట్టును. ఒక్క మాట అంగీకరించిన చాలును, దుకాణము మునుపటివలె నడుచును.

అప్పుడు విశ్వాసి ఏమి అడుగవలెను? “నా లాభమెట్లు నిలుచును?” అనుట దేమేత్రియ ప్రశ్న. “నా లాభమువలన నష్టపోవువాడెవడు?” అనుట దేవుని భయముగలవాని ప్రశ్న. అడవిలోని ఒంగే మనుష్యుడు ఆ దుకాణమునకు ఎన్నడును రాడు. అయినను అతడు పొరుగువాడే.

చీకటి బేరమును త్రోసివేసిన పిమ్మట లెక్క వేయవలెను. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు చూచుకొనవలెనని ప్రభువు నేర్పెను (లూకా 14:28). దారి మార్చుటకు విశ్వాసము చాలును, లెక్క అక్కరలేదనుట భక్తి కాదు. బయానా ఇచ్చినవారికి సత్యము చెప్పవలెను; పనివారి కూలి ముందుగా తీర్చవలెను. పిమ్మట, చేతనున్న పనిముట్లతో ఏమి చేయగలడో చూడవలెను. ఉలి అదే, బాడిస అదే. క్రొత్త మంచములు చేసిన చేయి విరిగిన మంచములను, వానకు ఉబ్బిన తలుపులను బాగుచేయగలదు. రాబడి తగ్గవచ్చును, పేరు చిన్నది కావచ్చును.

దారి మార్చుకొనువానికి మొదటి సంవత్సరమే అధికలాభమని దేవుడు మాట ఇయ్యలేదు. రేపటి వర్తకమును గూర్చి అతిశయపడక, ప్రభువు చిత్తమునకు లోబడుమని మాత్రము యాకోబు హెచ్చరించెను. రాత్రి తలుపు తట్టబడినప్పుడు భయపడనక్కరలేని గృహము గొప్ప లాభమే.

ప్రార్థన: ప్రభువా, పాత దారి మూయబడినప్పుడు వర్తకులకును పనివారికిని వివేకమిమ్ము. వారి త్రాసు నీ యెదుట సరిగా నిలుచునట్లు కృప చూపుము. ఆమేన్.