క్రీమ్ దగ్గర తొందరపడకు తల్లీ

ఏం తల్లీ, ఆదివారం ఆరుగురిని భోజనానికి పిలిచావట! మంచి పని చేశావు. నలుగురిని పిలిచి కూర్చోబెట్టి పెట్టాలనే మనసు ఉండటమే ఈ రోజుల్లో పెద్ద సంగతి. చివర్లో స్ట్రాబెర్రీ, క్రీమ్ పెడతానన్నావు, అదీ బాగుంది. పొయ్యి వెలిగించక్కర్లేదు, పాకం చూసుకోనక్కర్లేదు, గాజు గ్లాసులో పెడితే కంటికి ఇంపుగా ఉంటుంది. కానీ నీ సంగతి నాకు తెలుసు కదమ్మా. మనసు మంచిదే, చెయ్యే తొందర. వాళ్ళు గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే నువ్వు వంటింట్లో బీటర్ తిప్పుతుంటావు. ఈసారి అలా వద్దు. కొంత పని ముందే చేసుకో, కొంత పని చివరి దాకా ఆపు. ఏది ముందు, ఏది చివర అన్నది తెలిస్తే చాలు, ఇందులో ఇంకేం కష్టం లేదు.

పళ్ళు కొనడం దగ్గరే నీ తొందర మొదలవుతుంది. ఆఫీసు నుంచి వస్తూ బండి ఆపి, పైకి ఎర్రగా కనిపించిన డబ్బా తీసుకుని వచ్చేస్తావు. డబ్బా తిప్పి అడుగు చూడు. కింద చితికి, నీరు కారి ఉంటే ఆ డబ్బా వద్దు, ఒక్కటి బూజు పట్టినా పక్కవాటికి పాకేస్తుంది. తొడిమ పచ్చగా, తాజాగా ఉండాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన రావాలి. అరటి, మామిడి అయితే ఇంటికి తెచ్చి మగ్గబెట్టుకోవచ్చు. స్ట్రాబెర్రీకి ఆ వీలు లేదమ్మా. కోశాక రంగు కాస్త ముదురుతుందేమో గానీ తీపి పెరగదు. కొన్నరోజు పుల్లగా ఉన్నది వడ్డించే రోజూ పుల్లగానే ఉంటుంది.

హైదరాబాదులో చలికాలమంతా దొరికేవి ఎక్కువగా మహాబలేశ్వరం, పంచగని కొండల నుంచి వస్తాయి. ఆ పళ్ళకి 2010లో భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. అక్కడి బజార్లో పొడుగు గ్లాసుల్లో పళ్ళ ముక్కలు వేసి, పైన క్రీమ్ పోసి ఇస్తారు. నువ్వు చేద్దామనుకున్నది ఇంచుమించు అదే. ఇప్పుడు మన లంబసింగి చలిలోనూ పండిస్తున్నారు. విశాఖలో ఉన్న మీ పిన్ని వస్తానంటే నాలుగు డబ్బాలు తెమ్మను.

తెచ్చిన వెంటనే కడిగేయకు. తడి మీద ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి మెత్తబడతాయి. వాడేముందే కడగాలి, అదీ తొడిమలు తీయక ముందే. తొడిమ తీసి కడిగితే నీళ్ళు లోపలికి పోయి రుచి చప్పబడుతుంది. గుడ్డ మీద ఆరబెట్టి, అప్పుడు తొడిమ తీసి ముక్కలు కొయ్యి. ఆరుగురికి 400 గ్రాముల పళ్ళు చాలు. రెండు పెద్ద చెంచాల చక్కెర, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి ఒక అరగంట వదిలెయ్. చక్కెర పండులోని నీటిని బయటికి లాగి, గిన్నె అడుగున ఎర్రటి రసం ఊరుతుంది. సగం ముక్కల్ని ఫోర్కుతో కాస్త మెదుపు, మిగతావి అలాగే ఉంచు. మిక్సీ ఎందుకమ్మా? నోటికి ముక్క తగలాలి కదా.

ఇక క్రీమ్. ఇక్కడే నువ్వు తడబడేది. దుకాణంలో చేతికందిన ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్ తెచ్చి, గంట తిప్పినా గట్టిపడలేదని విసుక్కుంటావు. తప్పు నీ చేతిది కాదు, ప్యాకెట్‌ది. మామూలుగా దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో 25 శాతమే కొవ్వు ఉంటుంది, అది గ్లాసులో పొంగి నిలబడదు. విప్పింగ్ క్రీమ్ అని అడుగు, 35 శాతం ఉన్నది చూసి తీసుకో. విప్ టాపింగ్ అని అమ్మేవాటిలో చాలా వరకు నూనెతో చేసినవే, చక్కెర కూడా ముందే కలిపి ఉంటుంది. అట్ట మీద రాసింది చదివి కొను. రెండు నిమిషాల పని, దానికీ తొందరేనా?

క్రీమ్, గిన్నె, బీటర్ కాడలు అన్నీ చల్లగా ఉండాలి. గిలక్కొడుతుంటే లోపల గాలి బుడగలు చేరతాయి, వెన్న రేణువులు వాటి చుట్టూ చేరి పట్టి ఉంచుతాయి. వెచ్చబడితే ఆ రేణువులు మెత్తబడి పట్టు వదిలేస్తాయి. అందుకే గిన్నె కింద ఐసు నీళ్ళు పెట్టుకో. 200 మిల్లీలీటర్ల క్రీమ్‌కి ఒక చెంచా చక్కెర పొడి చాలు. కాడ పైకెత్తితే చివర మెత్తగా వంగే కొన రావాలి. వచ్చిందా, ఆపెయ్. ఇంకాస్త గట్టిపడితే బాగుంటుందని మళ్ళీ తిప్పావో, అమ్మమ్మ కవ్వం ఆడించినట్టే అవుతుంది, వెన్న వేరై నీళ్ళు తేలతాయి. ఆపడం నేర్చుకో తల్లీ. ఎసెన్సు, రంగు, పైన చాక్లెట్, ఆ పైన జీడిపప్పు, ఇవన్నీ గుమ్మరించాలని చెయ్యి లాగుతుంది. ఆపు. పండు రుచి, పాల రుచి రెండూ తెలియాలి.

మంచి క్రీమ్ దొరకలేదా, దిగులు పడకు. అర కేజీ గట్టి పెరుగుని పలచటి గుడ్డలో మూటకట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో గిన్నె మీద వేలాడదియ్యి. నీళ్ళన్నీ కారాక మిగిలిన ముద్దలో ఆ ఫ్రెష్ క్రీమే కాస్త, చక్కెర పొడి కాస్త కలిపితే నున్నగా వస్తుంది. స్ట్రాబెర్రీ పులుపుకి అదీ బాగా కుదురుతుంది.

వచ్చేవాళ్ళ సంగతి ముందే కనుక్కో. మీ మామగారికి షుగర్ కదా, చక్కెర కలపకముందే ఆయన పళ్ళు వేరే కప్పులోకి తీసి పెట్టు. నలుగురిలో ఆయన్ని ప్రత్యేకంగా చూపించకు, అందరివీ పెట్టినట్టే అదే గ్లాసులో పెట్టు. గ్లాసు అడుగున బిస్కెట్ పొడి వేస్తాం కదా, గుడ్డు తినని వాళ్ళుంటే ఆ బిస్కెట్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసుకో.

పళ్ళు కోసి పెట్టడం, క్రీమ్ గిలక్కొట్టి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచడం వాళ్ళు రాకముందే అయిపోవాలి. గ్లాసుల్లో పేర్చడం మాత్రం భోజనాలయ్యాకే. ముందే పేరిస్తే రసం దిగి క్రీమ్ గులాబీ రంగు నీళ్ళవుతుంది, అడుగున వేసిన బిస్కెట్ పొడి నానిపోతుంది. పొడి ఒక చెంచా, పళ్ళు రెండు చెంచాలు, క్రీమ్ ఒకటి, పైన ఒక ముక్క. ఆరు గ్లాసులకి ఐదు నిమిషాలు పట్టదు. మిగతా సాయంత్రమంతా వాళ్ళ మధ్య కూర్చో. పిలిచింది నువ్వు, కబుర్లు చెప్పాల్సిందీ నువ్వే. చెమటలు తుడుచుకుంటూ వంటింట్లో తిరిగే నిన్ను చూస్తే తినేవాళ్ళకీ మనసొప్పదు.

ఏప్రిల్ దాటాక ఎవరైనా వస్తే స్ట్రాబెర్రీ కోసం ఊరంతా వెతక్కు. బంగినపల్లి వచ్చేస్తుంది, అదే క్రీమ్ మీద ఆ ముక్కలు వెయ్యి, చక్కెర తగ్గించు. ఆదివారం పళ్ళ రసం ఏమైనా మిగిలితే పారబొయ్యకు, మర్నాడు పిల్లలకి చల్లటి పాలల్లో కలిపి ఇవ్వు. వేడి పాలల్లో పోస్తే విరిగిపోతాయి, చూసుకో.